పూట తప్పని మందు

గుమ్మం దాటబోయి బ్లెస్సీ తలుపు రెక్కకి కొట్టుకుంది. ఏడవలేదు. వెనక్కి జరిగి మళ్లీ అడుగేసింది. ఈసారి గోడకి కొట్టుకుని కూలబడింది.

వాకిట్లో కూర్చుని బూడిద వేసి మట్టగిడస చేపలు తోముతున్న సత్యవతి చేతులు ఆగిపోయాయి. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లి, మోచేతులతోనే మనవరాలిని ఎత్తి నిలబెట్టింది. నాలుగేళ్ల పిల్ల, పడవలో నిలబడ్డ మనిషిలా కాళ్లు ఎడంగా పెట్టి అటూ ఇటూ ఊగింది.

"ఇల్లు తిరుగుతోంది నాన్నమ్మా," అంది నవ్వుతూ.

"ఏదీ, అటు చూడు తల్లీ," అంది సత్యవతి. " చెట్టు మీద కాకి చూడు."

పిల్ల తల తిప్పకుండా కళ్లు పక్కకి తిప్పింది. తిప్పగానే నల్లగుడ్లు రెండూ టపటపా కొట్టుకున్నాయి. ఎవరో లోపలినుంచి లాగి వదులుతున్నట్టు పక్కకి వెళ్లి, జారి, మళ్లీ వెళ్లాయి. సత్యవతి ఇంకోసారి చూడమంది. మళ్లీ అంతే. మరోసారి చూడమనడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం కొడుకు హరిబాబు అన్నానికి వచ్చాడు. నాగాయలంక చుట్టుపక్కల రొయ్యల చెరువులకి ఐసు తోలే బండి అతనిది. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు జోరుగా సాగే రోజులు. బండి ఇంజను ఆపకుండానే లోపలికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"పిల్ల తూలుతోందిరా. కళ్లు కూడా అదోలా ఉన్నాయి," అంది సత్యవతి, కూర వడ్డిస్తూ.

"జలుబు చేసి సరిగా తినట్లేదుగా. నీరసం."

"నీరసానికి కళ్లు కొట్టుకుంటాయా?"

హరిబాబు తినడం ఆపి తలెత్తాడు. "పొద్దస్తమానం దాని మొహంలోకే చూస్తూ కూర్చుంటే నీకన్నీ అలాగే కనపడతాయి. కిందటి నెల ఫిట్స్ మళ్లీ వచ్చిన దగ్గర్నుంచీ నీకు ఇదే పని. అది తుమ్మినా భయమే, దగ్గినా భయమే. మందు వేస్తున్నావుగా?"

"వేస్తున్నాను."

"పూట తప్పకుండా?"

"తప్పకుండా."

"మరింకేం?" కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ ప్రశ్న అతను రోజూ అడుగుతాడు. అడిగే తీరు చూస్తే, జవాబు వినడానికి కాదు, ఎప్పుడో ఒకరోజు దొరకబుచ్చుకోవడానికి అడుగుతున్నట్టుంటుంది. సత్యవతి మాత్రం ప్రతిసారీ తడబడకుండా చెప్తుంది. ఎందుకంటే ఆ ఒక్క విషయంలో తను తప్పు చెయ్యలేదని ఆమెకి తెలుసు.

సాయంత్రం చర్చి మైకులో పాట మొదలైంది. మందు వేళ అది. సత్యవతి చేతులు సబ్బుతో కడుక్కుని, అలమరలోంచి సీసా తీసింది. నిండు గిన్నెని మోస్తున్నట్టు రెండు చేతులా పట్టుకుని, కుదుపు లేకుండా బల్ల మీద పెట్టింది. మూత తీసి, కొలత కప్పుని కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. సీసాని మెల్లిగా, మెల్లిగా వంచింది.

మందు మొదలుపెట్టిన కొత్తలో ఆమె తెలియక సీసాని అటూ ఇటూ ఊపి పోసేది. ఊపితే నురగ కట్టేది. నురగతో గీత దాకా వచ్చినట్టే ఉండి, అది అణిగాక మందు గీత కిందికి దిగిపోయేది. పిల్లకి చుక్క తక్కువ పడినా ప్రమాదమేనని బెజవాడ పెద్దడాక్టరుగారు చెప్పారు. అందుకని ఊపడం మానేసింది. ఆయన కిందటి నెల గీత పెంచమంటే, ఆ పెంచిన గీతకి వెంట్రుకవాసి తేడా రాకుండా పోస్తోంది.

సీసా అడుక్కొచ్చింది. నారింజ రంగు మందు చిక్కగా, సాగుతూ దిగింది. చిక్కగా ఉంటే మంచిదేననుకుంది సత్యవతి.

కోడలు రమ్య అప్పుడే బస్సు దిగి వచ్చింది. అవనిగడ్డలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో చిన్న తరగతులకి టీచరు. సంచీ దించకుండానే కూతురి దగ్గర కూర్చుని, పిల్ల తన మెడ పట్టుకోబోయి పట్టు దొరక్క పక్కకి ఒరిగిపోవడం చూసింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"పొద్దున్నుంచీ ఇంతే. మొన్నటినుంచే కాస్త తూలుతోంది గానీ, ఇంతగా కాదు. హరికి చెప్పాను."

"ఏమన్నారు?"

"నీరసమన్నాడు."

రమ్య పిల్ల నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. "రేపు పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను," అంది. సత్యవతి మందు తాగించి, పిల్ల మూతి తుడిచి, కప్పులో అంటుకున్న దాన్ని కాసిని నీళ్లతో తొలిచి అది కూడా తాగించింది.

మర్నాడు పొద్దున్న మందు వేశాక పిల్ల వాంతి చేసుకుంది. సత్యవతి మూతి కడిగి, ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. రమ్య ఫోన్ పట్టుకుని, లైను కలవక, మళ్లీ మళ్లీ నొక్కుతోంది. సత్యవతి వేళ్ల కింద పిల్ల తల ఒక్కసారి బిగుసుకుంది. జడపాయ చేతిలోంచి జారింది. మెడ వెనక్కి, కాళ్లు ముందుకి కర్రల్లా చాచుకుపోయి, ఒళ్లంతా ఎగిరెగిరిపడసాగింది.

"ప్రభువా!" అని ఒక్క కేక పెట్టింది సత్యవతి.

ఐసు బండిలోనే బందరు బయలుదేరారు. ముందు సీట్లో రమ్య పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టుకుంది. సత్యవతి పిల్ల పాదాలు పట్టుకుంది. ఫిట్స్ కాసేపు ఆగి మళ్లీ వచ్చాయి. మోపిదేవి దగ్గర రోడ్డుకి అడ్డంగా గేదెలు నిలబడితే హరిబాబు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. చల్లపల్లి దాటాక హరిబాబు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"ఎన్ని పూటలు మానేశావమ్మా?"

సత్యవతి పిల్ల పాదాలని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అవి ఐసులా చల్లగా ఉన్నాయి.

బందరులో పిల్లల ఆసుపత్రి ముందు బండి ఆగీ ఆగకముందే రమ్య దూకి లోపలికి పరుగెత్తింది. నర్సు పిల్ల ముక్కులో ఏదో మందు కొట్టింది. కాసేపటికి ఎగిరిపడడం తగ్గింది. బ్లెస్సీ నోరు తెరుచుకుని, గుర్రు పెడుతూ మగతలోకి జారింది. మొహానికి ఆక్సిజను తగిలించారు.

డాక్టరు పూర్ణచంద్రరావుగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పిల్ల కళ్లల్లో లైటు వేసి చూసి, గుండె విని, మోకాళ్ల మీద సుత్తితో తట్టి చూశాడు. పాత చీటీలు తిరగేశాడు.

"రోజూ వేసే మందు మధ్యలో ఆగితే ఫిట్స్ ఇలా ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఏమైనా పూటలు తప్పాయా?"

"మేమిద్దరం పనికి వెళ్తామండీ. మందు మా అమ్మే వేస్తుంది," అన్నాడు హరిబాబు. "పెద్దావిడ. మర్చిపోయే ఉంటుంది. చెప్పమ్మా, డాక్టరుగారికి నిజం చెప్పు. ఎవరూ నిన్నేమీ అనరు."

అందరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరు చూస్తున్నాడు. నర్సు చూస్తోంది. రమ్య పిల్ల మీద చెయ్యి వేసి, ఆమె నోటి వైపే చూస్తోంది. ఆ గదిలో అందరికీ కావలసింది తన నోటినుంచి ఒక్క మాట అని సత్యవతికి అనిపించింది. ఆ మాట పడితే కొడుకు శాంతిస్తాడు. డాక్టరు ఏం చెయ్యాలో అది చేస్తాడు. లేదు, తప్పలేదు అని వాదిస్తూ కూర్చుంటే, ఈలోగా పిల్లకేదైనా అయితే?

"ఏమో బాబూ," అంది. "ఎప్పుడన్నా... ఒక పూట..."

హరిబాబు గట్టిగా ఊపిరి వదిలి గోడ వైపు తిరిగాడు.

డాక్టరు తలాడించి నర్సుకి చెప్పాడు. "అదే మందు, ఇంజెక్షన్. బరువు చూసి పూర్తి డోసు కలిపి రెడీ చెయ్యండి. రక్తంలో తగ్గిన మందు త్వరగా నిండాలి. షీబాగారు చూశాక మొదలుపెట్టండి." పక్క గదిలో అప్పుడే పుట్టిన బిడ్డకి ఊపిరి అందడం లేదని ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు.

నర్సు మందు కలిపిన చిన్న సీసాని స్టాండుకి తగిలించింది. గొట్టం పిల్ల చేతిదాకా తెచ్చి, మడిచి పట్టీ వేసి ఆపింది.

"ఇంకా ఎవరికోసం చూడాలండీ?" హరిబాబు గొంతు లేచింది. "పిల్ల ఇలా పడుంటే!"

"పిల్లల మందుల స్పెషలిస్టండీ. క్లినికల్ ఫార్మసిస్టు. పెద్దవాళ్ల మందులకీ పిల్లల మందులకీ లెక్క వేరు కదా. ఇలాంటి ఇంజెక్షన్లు ఆవిడ చూడకుండా ఎక్కించొద్దని డాక్టరుగారి ఆర్డరు. పక్క వార్డులో ఉన్నారు, వచ్చేస్తున్నారు."

షీబా వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ముప్పై ఏళ్ల మనిషి. ఆమె ఎవరినీ పలకరించలేదు. ముందు పిల్ల మంచం దగ్గరికి వెళ్లి, స్టాండుకి వేలాడే సీసా మీద రాసింది చదివింది. డాక్టరు రాసిన కాగితం చదివింది. మందు పిల్ల బరువుకి సరిగ్గానే ఉంది కాబోలు, పెన్ను తీసింది. తీసి, సంతకం పెట్టకుండా అడిగింది.

"ఫిట్స్ రాకముందు పాప ఎలా ఉంది? పగలు దగ్గర ఎవరుంటారు?"

"నేనేనమ్మా," అంది సత్యవతి.

"చెప్పండి మామ్మగారూ. నిన్న ఎలా ఉంది? మొన్న ఎలా ఉంది?"

ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. సత్యవతి తొందరతొందరగా చెప్పింది. పిల్ల తూలిందనీ, గుమ్మానికి కొట్టుకుందనీ, ఇల్లు తిరుగుతోందందనీ. కళ్లు పక్కకి తిప్పితే నల్లగుడ్లు ఎలా కొట్టుకున్నాయో చూపుడువేళ్లు రెండూ ఆడించి చూపించింది. పొద్దున్న వాంతి సంగతి చెప్పింది.

షీబా పెన్ను మూత పెట్టేసింది.

"పాప వాడే మందు సీసా తెచ్చారా?"

"సంచీ బండిలో ఉండిపోయింది," అంది రమ్య.

"తెస్తారా అండీ?" అని హరిబాబుని అడిగింది షీబా. అతను గొణుక్కుంటూ వెళ్లాడు. అతను వెళ్లాక ఆమె స్టూలు లాక్కుని సత్యవతి ఎదురుగా కూర్చుంది.

"మామ్మగారూ, ఒకటి అడుగుతాను. మందు పూటలు తప్పిందని ఇక్కడ రాశారు. తప్పిందా?"

కొడుకు వస్తున్నాడేమోనని సత్యవతి గుమ్మం వైపు చూసింది.

"తప్పితే తప్పిందని చెప్పండి, ఫర్వాలేదు. అందరిళ్లలోనూ జరిగేదే. అప్పుడు ఈ ఇంజెక్షన్ పాపకి మంచిది. కానీ మందు ఆగిపోయిన పిల్లలు తూలరు. వాళ్ల కళ్లు అలా కొట్టుకోవు. అది ఒంట్లో మందు ఎక్కువైన పిల్లల్లో చూస్తాం. మరీ ఎక్కువైతే ఆ మందే ఫిట్స్ తెప్పిస్తుంది. అలాంటి పిల్లకి ఇదే మందు ఇంకా ఎక్కిస్తే..." షీబా ఆగింది. "గుండె మీద పడుతుంది."

సత్యవతి కళ్లు స్టాండుకి వేలాడే సీసా మీదికి వెళ్లాయి. అందులో మందు నీళ్లలా తేటగా ఉంది. గొట్టానికి వేసిన పట్టీ ఒక్కటి తీస్తే చాలు. ఇందాక తను అన్న మాట మీదే అది అక్కడికి వచ్చింది. ఇప్పుడు కాదంటే? కాదన్నాక ఇంజెక్షన్ ఆపేస్తారు. ఆపాక మళ్లీ ఫిట్స్ వచ్చి పిల్ల పోతే, నువ్వే ఆపించావంటాడు కొడుకు. ఔనంటే ఈ అమ్మాయి చెప్పినట్టు గుండె ఆగిపోవచ్చు. ఎటు చూసినా తన మాటే. ఇంట్లో కూర ఏం వండాలో కూడా తన మాట మీద నడిచింది లేదు.

హరిబాబు సంచీ పట్టుకుని వచ్చాడు. షీబా సీసా అందుకుంది గానీ చూపు సత్యవతి మీదే ఉంచింది.

"తప్పలేదమ్మా," అంది సత్యవతి.

"ఏంటి?" అన్నాడు హరిబాబు.

"ఒక్క పూట కూడా తప్పలేదు. ఇందాక డాక్టరుగారితో అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు మాట మారుస్తావేంటమ్మా? నీ పరువు పోతుందనా? పిల్ల ప్రాణం కన్నా నీ..."

"నీకు భయపడి అన్నానురా ఆ మాట!" ఆమె గొంతు తనకే కొత్తగా వినపడింది. "దేవుడి ముందు చెప్తున్నాను. పొద్దున పాలు కాగాక ఒకసారి, సాయంత్రం చర్చిలో పాట మొదలవగానే ఒకసారి. జ్వరం వచ్చి నేను మూలుగుతూ పడుకున్న రోజున కూడా లేచి వేశాను. తప్పలేదు."

హరిబాబు ఏదో అనబోయాడు. రమ్య "ఆగండి," అంది. అంతే అంది.

షీబా సీసా, కప్పు సత్యవతి చేతికిచ్చింది. "ఇంట్లో ఎలా పోస్తారో అలాగే పోసి చూపించండి."

అలవాటు అలవాటే. సీసాని కుదుపు లేకుండా బల్ల మీద పెట్టింది. నర్సు సంచీ కింద పెడుతూ బల్లకి తగిలితే, సీసా కదిలిందేమోనని ఓ క్షణం ఆగింది. మూత తీసింది. కప్పు కంటికి ఎదురుగా ఎత్తింది. మెల్లిగా వంచింది. మిగిలిన మందు ముద్దలా కప్పులోకి జారింది. గీత దగ్గర ఆపింది.

"పోసేముందు సీసా ఊపరా మామ్మగారూ?"

"ఊపితే నురగొస్తుందమ్మా. కొలత తప్పుతుంది."

షీబా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. సీసా తీసుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి, తలకిందులు చేసింది. అడుగున నారింజ రంగు మడ్డి, వేలి మందాన, కదలకుండా అంటుకుని ఉంది. ఆమె నర్సుతో, "ఆ స్టాండు ఇక్కణ్ణుంచి తీసెయ్యండి. రక్తం తియ్యాలి," అని చెప్పి, సీసా పట్టుకుని డాక్టరు కోసం దాదాపు పరుగెత్తింది.

స్టాండు చక్రాలు గరగరమంటూ గది దాటాయి. డాక్టరు వచ్చి మళ్లీ పిల్ల కనురెప్పలు ఎత్తి చూశాడు. షీబా తక్కువ గొంతుతో చెప్తుంటే, ఆయన సీసాని వేలితో తడుతూ విన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. ఫోన్ తీసి బెజవాడలో పాపని చూసే పిల్లల నరాల డాక్టరుగారితో మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ పిల్ల మణికట్టు మీద నుంచి వేళ్లు తియ్యలేదు.

తర్వాత షీబా వాళ్ల ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ మందు నీళ్లలో కరిగేది కాదు. కదపకుండా ఉంచితే మందంతా అడుక్కి దిగిపోతుంది. పైన ఉన్నది రంగునీళ్లు. సీసా నిండుగా ఉన్నప్పుడు పాపకి అందింది ఆ రంగునీళ్లే, అందుకే కిందటి నెల ఫిట్స్ మళ్లీ వచ్చాయి. మందు చాలలేదని డోసు పెంచారు. ఇప్పుడు అడుగునున్న చిక్కటి మందు, పైగా పెంచిన డోసులో, పాప ఒంట్లోకి వెళ్తోంది.

"అంటే..." హరిబాబు తల్లి వైపు తిరిగాడు. "వెయ్యకపోవడం కాదు. వేసి వేసి..."

"ఊపి పోయాలని సీసా మీద ఇంగ్లీషులో ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో," అంది షీబా. "మీకెవరైనా నోటితో చెప్పారా? మందు రాసినచోట గానీ, అమ్మినచోట గానీ?"

రమ్య తల అడ్డంగా ఊపింది.

"అది చెప్పాల్సినవాళ్లు మీ అమ్మగారు కాదండీ."

సత్యవతికి ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి వెళ్లలేదు. ఆమె తన కుడిచేతిని చూసుకుంటోంది. నారింజ మరక బొటనవేలి గోటి చుట్టూ ఉంది. లేచి కొళాయి దగ్గరికి వెళ్లి కడుక్కుంది. మరక పోయింది. అయినా కడుగుతూనే ఉంది.

రక్తం రిపోర్టు బెజవాడనుంచి రావాలి. ఈలోగా చెయ్యగలిగింది ఎదురుచూడడమేనన్నారు. మందు దానంతటది ఒంట్లోంచి దిగాలి. దిగేలోపు మళ్లీ ఫిట్స్ వస్తే వేరే మందు సిద్ధంగా పెట్టారు. పిల్ల గుండె కొట్టుకోవడం తెర మీద పచ్చగీతగా పాకుతోంది. సత్యవతికి ఆ గీత అర్థం కాదు. ఒక్కోసారి అది తక్కువ ఎత్తులో లేచేది. అప్పుడల్లా ఆమె నర్సు మొహం చూసేది. నర్సు మొహం మామూలుగా ఉంటే మళ్లీ ఊపిరి పీల్చుకునేది.

సాయంత్రం పిల్ల కదిలింది. దుప్పటి జారితే సత్యవతి సరిచెయ్యబోయింది.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు హరిబాబు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆమె వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. పిల్లల్ని ఎత్తుకుని ఎవరెవరో వస్తున్నారు, వెళ్తున్నారు. ఒకామె చేతిలో మందు సీసా చూసి సత్యవతి చటుక్కున చూపు తిప్పుకుంది. ప్రార్థన చేసుకుందామంటే మాటలు రావడం లేదు. ఏమని అడగాలి? పిల్లని బతికించమనా, బతికితే ఇంక తన చేతులకి ఇవ్వొద్దనా?

రమ్య టీ తెచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు గ్లాసులు రెండూ అలాగే ఉన్నాయి.

"ఆదివారాలు నేనే కదా వేసేదాన్ని," అంది రమ్య చివరికి. "మీరు పోసినట్టే పోసేదాన్ని. అది ఇంగ్లీషు. నేను చదవగలను అత్తయ్యా. ఒక్కసారి కూడా చదవలేదు."

సత్యవతి గ్లాసు తీసి కోడలి చేతిలో పెట్టింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. డాక్టరు దాన్ని పట్టుకుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఉండాల్సినదానికి రెండింతలు దాటింది మందు. ఇప్పుడు దిగుతోంది. పిల్ల అప్పటికే కళ్లు తెరిచి, గొంతు తడారి, నీళ్లు అడిగింది.

"మీ అమ్మగారు ఆ మాట వెనక్కి తీసుకోకపోయినా, షీబా అడగకపోయినా, నేను రాసిన ఇంజెక్షన్ ఎక్కించేసేవాళ్లం," అన్నాడాయన హరిబాబుతో. "మందు తప్పిందా అని అడిగాను. ఎలా వేస్తున్నారని అడగలేదు. అది నేను అడగాల్సింది." రిపోర్టు మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

హరిబాబు మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తల్లి వైపు చూడలేదు. కాసేపయ్యాక బయటికి వెళ్లి, ఆమెకి ఇడ్లీ పొట్లం తెచ్చి, పక్కన పెట్టి మళ్లీ వెళ్లిపోయాడు.

ఇంటికి పంపించే రోజున షీబా కొత్త మందు తెచ్చింది. బెజవాడ డాక్టరుగారితో మాట్లాడి మార్చిన మందు అది. తేటగా ఉంది, అడుక్కి దిగేది కాదు. కప్పు బదులు సూది లేని సిరంజి ఇచ్చింది. సీసా మూతికి దాన్ని ఎలా బిగించాలో, తలకిందులు చేసి ఎలా లాగాలో, గాలిబుడగ ఉంటే ఎలా పోగొట్టాలో, బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా ఎలా వదలాలో చూపించింది. తర్వాత ఒక్కొక్కరినీ చేసి చూపించమంది. రమ్య చేసింది. హరిబాబు లాగిన సిరంజిలో సగం గాలే ఉంది. షీబా మళ్లీ చెయ్యమంది. మళ్లీ గాలే. ఐసు దిమ్మలు ఎత్తే అతని చేతుల్లో ఆ చిన్న సిరంజి నిలవడం లేదు.

"మీరు, మామ్మగారూ."

"నేనొద్దమ్మా. వాళ్లిద్దరూ నేర్చుకున్నారుగా."

"పగలు పాప దగ్గర ఉండేది మీరే."

"నా వల్ల కాదు." సత్యవతి చేతులు కొంగులో దాచుకుంది. "నా చేత్తో వద్దు."

షీబా బతిమాలలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. "మీరు చూడబట్టే పాప కళ్ల సంగతి నాకు తెలిసింది. ఈ మందుకీ కొత్తల్లో విసుగు, మత్తు ఉంటాయి. ఎవరు చూసి చెప్తారు నాకు? నా నంబరు ఇస్తాను. ఏ అనుమానం వచ్చినా చెయ్యండి. చిన్నదైనా సరే." ఆమె ఫోను అడిగి తీసుకుని తనే నంబరు ఎక్కించింది. సిరంజి మాత్రం సత్యవతి చేతిలో పెట్టలేదు, రమ్య సంచీలో పెట్టింది.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్న రమ్య స్కూలుకి తొలి బస్సుకే వెళ్లాల్సి వచ్చింది. అప్పటికే ఎన్నో సెలవులు పెట్టేసింది. హరిబాబు బండి మొత్తం కడిగి, స్టార్ట్ చేసి, మళ్లీ ఆపేశాడు. లోపలికి వచ్చాడు. బ్లెస్సీ చాప మీద కూర్చుని, గోడ ఆసరాతో లేవబోతూ, కూర్చుంటూ ఆడుకుంటోంది. ఇంకా కొంచెం ఊగుతోంది. కళ్లు మాత్రం నిలకడగా ఉన్నాయి.

సత్యవతి వంటింటి గుమ్మంలో నిలబడింది. మందు వేళ అయింది. ఆమెకి తెలుసు. కొడుకు సీసా తీశాడు. సిరంజి బిగించాడు. తలకిందులు చేసి లాగాడు. పైకి ఎత్తి చూశాడు. పెద్ద బుడగ. తోసేసి మళ్లీ లాగాడు. ఈసారి అతని చెయ్యి ఎంత వణికిందంటే సిరంజి సీసా మూతి దగ్గర టకటకా కొట్టుకుంది. బయట ఎవరో చెరువు మీదనుంచి వచ్చి, "హరీ, ఐసు!" అని కేకేశారు. అతను పలకలేదు.

నేల మీద కూర్చుండిపోయాడు. సీసా, సిరంజి రెండు చేతుల్లోనూ అలాగే ఉన్నాయి.

"నాకు భయంగా ఉందమ్మా," అన్నాడు. "ఆ రోజునుంచీ కాదు. ముందునుంచీ. అందుకే రోజూ నిన్ను అడిగేవాణ్ణి."

సత్యవతి చేతులు కడుక్కుని వచ్చి, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లిగా కొడుకు పక్కన కూర్చుంది. అతని చేతుల్లోంచి సీసా తీసుకుని తలకిందులుగా, కదలకుండా పట్టుకుంది.

"నేను పట్టుకుంటాను," అంది. "నువ్వు లాగు. మెల్లిగా."